వరసలోనే రావాలి

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, ఆ పిల్లకి పాటల కచేరీ ఎందుకు వదినా?" అంది ఆడపడుచు.

"శంఖం వినబడకపోతే ఏం? ఊదేవాడి బుగ్గలు కనబడతాయిగా," అని తనకీ, భర్తకీ, కూతురికీ కచేరీ టికెట్లు కొనేసింది బస్సు కండక్టరమ్మ.

పాపకి పదేళ్ళు. పుట్టినప్పటినుంచీ చెవులు వినబడవు.

అయినా మంచం పక్క గోడ నిండా ఆ కుర్ర గాయకుడి బొమ్మలే. బళ్ళో పిల్లలందరూ వెళ్తుంటే తను మాత్రం ఎందుకు వెళ్ళకూడదని పాప పంతం.

తల్లి పంతం అంతకు రెండింతలు.

ఆదివారం మధ్యాహ్నం. మైదానం గేటు ముందు కొండచిలువలా వరస.

క్షౌరశాల నడిపే భర్త నెమ్మదస్తుడు. పాపని తీసుకుని అవతల గోడనీడన నిలబడ్డాడు. కండక్టరమ్మ ఎండలో ముగ్గురి చోటూ కాపాడుతోంది.

గేటు ఇంకా పదడుగులుందనగా, నల్లబట్టల్లో ఒకామె ఆయాసపడుతూ వచ్చింది.

"అమ్మా, కాస్త నన్ను ముందు పోనివ్వండి. దారిలో బండి ఆగిపోయింది. వెనక గేటు మూసేశారు."

"రెండు గంటలుగా నిలబడ్డాం. వరసలో రండి."

"లోపల పనుందమ్మా. ఇదుగో, కార్డు."

"కార్డు నా మెడలోనూ ఉంటుంది. బస్సులో నాకెవరైనా సీటిస్తున్నారా?"

వరసంతా గొల్లుమంది.

"పోనీ, వెళ్ళనివ్వరాదా..." అని గొణిగాడు కాపలాదారు.

"ఆమె ఒక్కర్తీ ముందుకెళ్ళిందో, ఇక్కడే గేటుకి అడ్డంగా కూర్చుంటాను!"

"అదీ మాట!" అన్నారు వెనకనుంచి.

"నేను చెప్పేది ఒక్కసారి వినండమ్మా."

"వినను. మా పిల్లని తీసుకుని ఎక్కడికెళ్ళినా పక్కకి జరగమనేవాళ్ళే. జరిగీ జరిగీ విసిగిపోయాం. ఇవాళ జరగను."

ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. లోపలి మోతలో ఎవరూ ఎత్తినట్టు లేదు.

ఫోను దించి వరస చివరికి నడిచింది.

కండక్టరమ్మ గెలిచిన ముఖంతో భర్తనీ పాపనీ చెయ్యూపి పిలిచింది.

లోపల వేదికకి దగ్గరగా, కమ్మీల పక్కనే చోటు దొరికింది.

డ్రమ్ములు మొదలవగానే భర్త పాప అరచేతుల్ని ఇనపకమ్మీకి ఆనించాడు. కమ్మీ అదురుతుంటే పాప కిలకిలా నవ్వింది.

కాసేపటికి తల్లి మోచెయ్యి గుంజి, వేళ్ళతో అడిగింది.

"ఏమని పాడుతున్నాడు?"

కండక్టరమ్మకి వచ్చిన సైగలు అన్నానికీ, బడికీ, నిద్రకీ సరిపోతాయి. పాటలోని 'వాన' అన్న ఒక్క మాట చూపించేలోపు పాట తర్వాతి చరణంలోకి దూకేసింది.

చుట్టూ వేలమంది గొంతు కలుపుతున్నారు.

పాప కమ్మీ వదిలేసి నేలమీద కూలబడింది.

"ఇంటికి పోదామంటోంది," అన్నాడు భర్త.

"పోయేది లేదు. డబ్బా కొట్టుకుంటూ వచ్చి, తల దించుకుని పోతామా?"

మూడో పాట అయిపోయింది. గాయకుడు మైకు పట్టుకుని ముందుకు వచ్చాడు.

"మొదటి పాటనుంచే ఉండాల్సిన మనిషి ఒకరు ఇప్పటికి రాగలిగారు. కొంతమందికి నా పాట ఇక్కడినుంచే మొదలు. ఆలస్యానికి మన్నించండి."

వేదిక ఎడమ మూల దీపం వెలిగింది. నాలుగో పాట అందుకున్నాడు.

పాప తలెత్తింది. లేచి నిలబడింది. రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించసాగింది, వేలమందితో పాటు తనూ పాడుతున్నట్టు.

"చూశావా! నేను చెప్పలా?" అని భర్త వీపు చరిచింది కండక్టరమ్మ.

అప్పుడు కూతురి చూపు వెంట వేదిక మూలకి తిరిగిన ఆమెకి, ఇంకా చెమటారని ముఖంతో, పాటలో ఒక్కొక్క మాటనీ పది వేళ్ళతో పాడుతూ, నల్లబట్టల్లో ఆ మనిషి కనబడింది.