బొటనవేలి కింది పేరు

ఆ ముసలాయన చేప కళ్ళు చూడకుండా చేప కొన్నాడు.

నోరీన్‌కి అనుమానం అక్కడే మొదలైంది.

దక్షిణ బోస్టన్ రేవు వీధిలో ఆమెది చేపల కొట్టు. పదిహేనేళ్ళ వ్యాపారం ఆమెకి ఒకటి నేర్పింది. సరుకు చూడకుండా కొనేవాడు సరుకు కోసం రాడు.

పైగా ఆయన అరచేతుల నిండా తాళ్ళు కోసిన పాత మచ్చలు. ఓ నలభై ఏళ్ళు వల లాగితే గాని పడవు. వల లాగిన మనిషికి బస్సెక్కి వచ్చి చేప కొనుక్కునే ఖర్మేమిటి?

మరుసటి నెల మొదటి శుక్రవారం మళ్ళీ వచ్చాడు. ఆ పై నెలా వచ్చాడు. ఒక్కటే కాడ్ చేప, బేరం లేదు. ఒంట్లో బాగుందా తల్లీ అని అడిగి, ఇంకేదో అడగబోయి, మానేసి వెళ్ళిపోయేవాడు.

"పెళ్ళికొడుకు వచ్చిపోయాడటే?" అనేది పక్కింటి పెగ్ టియర్నీ. "పళ్ళు లేకపోతేనేం, టోపీ బాగుంది."

నోరీన్ నవ్వేది కాదు. ఆయన్ని రేవు ముఠా పంపిందని ఆమె లెక్క. మాలకీ ఆచూకీ కోసం.

మాలకీ, ఫింటన్ ఆమె తమ్ముళ్ళు. ముఠా అమ్మిన మత్తుపొడి తిని వాళ్ళ చిన్న చెల్లెలు పదహారేళ్ళకే పోయింది. ఆ పిల్ల శవపేటిక మీద చెయ్యి పెట్టి, అమ్మ జపమాల పట్టుకుని ఇద్దరూ ఒట్టేసుకున్నారు. ఈ వీధిని కడిగే పని దేవుడు తమకిచ్చాడన్నారు.

పద్నాలుగు నెలల్లో ముఠా మనుషులు ఆరుగురు వాళ్ళ చేతుల్లో పోయారు. ప్రతిసారీ ముందు చర్చిలో చివరి బల్ల దగ్గర మోకరించి మరీ వెళ్ళేవారు. ఈ అన్నదమ్ములు దుష్టుల్ని శిక్షించే మిఖాయేలు దూత కత్తులని వీధి గుసగుసగా చెప్పుకుంది. పోలీసులు అడిగితే మాత్రం ఎవరూ ఏమీ చూడలేదు.

ఆరోవాడు ఈమన్ డర్కన్. ఆ రోజే ఫింటన్‌కీ గుండు తగిలింది, అక్కడికక్కడే పోయాడు. మాలకీ నెత్తుటి చొక్కాతో రేవు వైపు పరుగెత్తడం చూసినవాళ్ళున్నారు. ఆ తరువాత చూసినవాళ్ళు లేరు.

మూడేళ్ళయింది. కొట్టు అమ్మేసి క్విన్సీలో పిన్ని దగ్గరికి పొమ్మని పెగ్ పోరేది. నోరీన్ కదల్లేదు. మాలకీ వస్తే ఆ వెనక తలుపే తడతాడు. తలుపు పక్కన అతని రబ్బరు బూట్లు అలాగే ఉన్నాయి. ప్రతి శనివారం వాటి దుమ్ము తుడిచేది.

ఆ ఆశ ఉత్త ఆశ కాదు, దానికో ఆధారం ఉంది.

చర్చిలో ఆదివారం పంచే కాగితంలో, ఆ వారం ఏ రోజు ఎవరి ఆత్మశాంతికి పూజో రాస్తారు. నెలకోసారి అందులో ఫింటన్ కాంకనన్ పేరు ఉండేది. పెట్టించింది నోరీన్ కాదు. ఎవరని అడిగితే, పేరు చెప్పవద్దన్నారని ఫాదర్ హెనెగన్ తప్పించుకున్నాడు.

చేతికి అంత నెత్తురంటినవాడి పేర పూజ పెట్టించే ధైర్యం ఈ వీధిలో ఎవరికుంది? మాలకీకి తప్ప ఎవరికీ లేదు. అంటే ఎక్కడో బతికే ఉన్నాడు. ఆ పేరే అతను అక్కకి రాస్తున్న ఉత్తరం.

సరిగ్గా దాని పై వరసలో ఈమన్ డర్కన్ పేరు ఉండేది. నోరీన్ దాన్ని బొటనవేలితో మూసి, కింది పేరొక్కటే చదువుకునేది.

ఫిబ్రవరిలో ముసలాయన చేప పొట్లం పుచ్చుకుని కదల్లేదు.

"మీ తమ్ముడి కబురేమైనా తెలిసిందా, తల్లీ?"

ఆమె చేతిలో కత్తి ఆగింది. "ఏ తమ్ముడు?"

"మాలకీ. వస్తే నా మాటగా ఒకటి చెప్పు..."

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదమ్మా, నేనే..."

"ఏడాదిగా చూస్తున్నా. చేప కొనే మొహం కాదు నీది. పోయి మీవాళ్ళకి చెప్పుకో, ఎంత వాసన చూసినా మావాడు దొరకడని. ఇంకోసారి ఈ గడప తొక్కావో, ఈ కత్తి చేపలతో ఆగదు."

ముసలాయన టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. పొట్లం బల్ల మీద పెట్టేసి మంచులోకి నడిచాడు.

తమ్ముణ్ణి కాచుకున్నాననుకుంది నోరీన్. ఆ రోజంతా చేతులు తేలిగ్గా ఆడాయి.

మార్చి కాగితంలో ఫింటన్ పేరు రాలేదు. మరుసటి వారమూ లేదు. అలవాటుగా వేలితో మూయబోతే, మూయడానికి పైన ఈమన్ పేరూ లేదు.

ఆమెకి అది పట్టలేదు. పొలుసులంటిన చేతులతోనే చర్చికి పరుగెత్తింది.

"పూజ ఆగిపోయింది, ఫాదర్. ఆ మనిషికేమైంది?"

"పోయాడమ్మా. న్యుమోనియా. పోయిన నెలాఖర్న గ్లౌస్టర్‌లో సమాధి చేశాం."

నోరీన్ బల్ల మీద కూలబడింది. గ్లౌస్టర్. రైలెక్కితే గంట దూరం.

"అంత దగ్గర్లో ఉన్నాడా? కడసారి చూపైనా లేకుండా పూడ్చేశారా? వాడి బూట్లు తుడుచుకుంటూ కూర్చున్నాను, ఫాదర్."

ఆమె ఎవరి గురించి ఏడుస్తోందో ఆయనకి అప్పుడు తెలిసింది. పక్కన కూర్చున్నాడు.

"మాలకీ కాదమ్మా. మాలకీ సంగతి నాకూ తెలియదు."

"మరెవరు?"

"తను పోయాక చెప్పవచ్చన్నాడు. ఇద్దరు కుర్రాళ్ళకీ ఒకేసారి పూజ పెట్టించేవాడు. తనకి పగ లేదని, ఇంటికి వచ్చేయమని మాలకీకి కబురు పంపాలని ఆయన కోరిక. నీకు చెబుదామని నెలనెలా వచ్చి, నోరు పెగలక చేప కొనుక్కుని పోయేవాడట. ఫిబ్రవరిలో ఏమైందో, పూజకైనా ఆగలేదు."

నోరీన్ తన బొటనవేలి వంక చూసుకుంది.

"ఈమన్ డర్కన్ వాళ్ళ నాన్న," అన్నాడు ఫాదర్.