కాలువ మేడం

"ఏమండీ, మేడం వచ్చేస్తోంది! మన గోడ వెనక పూడిక అలాగే ఉంది!"

భార్య కేక విని దర్జీ కుడుతున్న చొక్కాను మిషన్ మీదే వదిలేసి పార అందుకున్నాడు. కాలువలో ఎవరి గోడ వెనక భాగం వాళ్లే శుభ్రం చేసుకోవాలి, లేకపోతే నోటీసు. ఆ నిబంధన ఎప్పటినుంచో ఉన్నదే. ఐదేళ్ల క్రితం వరద కిటికీల దాకా వచ్చేవరకు ఎవరూ పట్టించుకోలేదు. వరద తీసిన మరుసటి వారమే మేడం రావడం మొదలుపెట్టింది.

పొడవాటి వెదురు కర్రతో గట్టు వెంట నడుస్తుంది. నాలుగడుగులకోసారి కర్రను బురదలో దించి, నెమ్మదిగా తిప్పి చూస్తుంది. పూడిక మందంగా ఉన్నచోట ఆగి, "ఇక్కడ కాస్త తీయించరూ?" అంటుంది. అంతే.

"అరిచినా బాగుండును. ఆ మెత్తటి మాటకే నా గుండె జారిపోతుంది బావా," అన్నాడు దర్జీ, పక్క గోడ వెనక తవ్వుతున్న సైకిల్ షాపతనితో.

"నీ గుండె ఎటన్నా జారనీ, నీ చెత్త మాత్రం నా వైపు జారనీకు!"

తట్టలు గట్టెక్కాయి. మేడం కర్ర దించి చూసి, తలూపి వెళ్లింది.

మూడు రోజుల తర్వాత ఎగువన కుండపోత. మధ్యాహ్నానికి నీళ్లొచ్చాయి. వీధి వీధంతా మేడలెక్కి చూసింది. ఎర్రటి నీరు చెట్ల మొద్దుల్ని పుల్లల్లా మోసుకుంటూ, గోడలు సన్నగా వణికేలా, గట్టుకు జానెడు కిందుగా సాగిపోయింది. ఒక్క చుక్క పొర్లలేదు. దర్జీ భార్య కిందికి దిగి, అప్పట్లో మంచాలు తేలిన గదిలో పొడినేలను అరచేత్తో తడిమి చూసుకుంది.

నీరు తగ్గిన ఉదయం మేడం మళ్లీ వచ్చింది. దర్జీ చేతులు జోడించి ఎదురెళ్లాడు.

"మీ ఆఫీసు అడ్రసు చెప్పండి మేడం. వీధంతా సంతకాలు పెట్టి మీ పైవాళ్లకు ఉత్తరం రాస్తాం."

"ఏ ఆఫీసు?"

"కాలువల ఆఫీసండీ. తనిఖీకి పంపింది వాళ్లే కదా?"

"నన్నెవరూ పంపలేదు బాబూ."

దర్జీ తెల్లబోయాడు. "మరి ఐదేళ్లుగా ఈ బురదలో మీరు వెతుకుతున్నది..?"

"ఆ వరదలో పోయిన మా పాపను."