తడి ఆరని కుండీలు

"మళ్ళీ తడిగా ఉంది!"

ధన్య కుండీలో గుచ్చిన వేలిని అలాగే పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. వేలికి అంటిన మట్టిని అత్తగారి ముందుకు చాపింది. "అత్తా, నా మొక్కలకు ఎవరు నీళ్ళు పోసింది?"

కోమల పొయ్యి మీద రాగిసంగటి కెలుకుతూ ఉంది. తల తిప్పకుండానే, "ఎవరు పోస్తారమ్మా? గాలిలో తేమ. ఈ నెలలో డబ్బాలో ఉప్పు గూడా నీరు కారతాది" అంది.

ఉప్పు నీరు కారేది నిజమే. కానీ గాలిలో తేమ కుండీ అడుగుదాకా ఎలా దిగుతుంది? ధన్యకు ఏమీ అర్థం కాలేదు.

కృష్ణగిరిలో పాత్రల అంగడి నడిపే శ్రీరంగయ్య ఇంటికి ఆమె కోడలై వచ్చి ఏడాది కూడా కాలేదు. పోయిన వారం హోసూరు నర్సరీలో నాలుగు సక్యులెంట్లు కొనుక్కొచ్చింది. ఆకుల్లోనే నీళ్ళు దాచుకునే బొద్దు మొక్కలు. నర్సరీవాళ్ళు పెట్టిన కొబ్బరిపొట్టు దులిపేసి, వేళ్ళు నీడలో ఆరబెట్టి, ముతక ఇసుక, ఇటుక ముక్కలు, బొగ్గు కలిపిన మట్టి పోసి, అడుగున చిల్లున్న కుండీల్లో నాటింది. అంతా వీడియోల చదువే. కుండీ మార్చాక కొన్నాళ్ళు చుక్క నీరు తగలకూడదనీ, మన ఉక్కపోతలో తడి నిలిస్తే వేళ్ళు కుళ్ళి చస్తాయనీ ఆ వీడియోలన్నీ మొత్తుకున్నాయి. ఆ మాటే ఆమె ఇంటిల్లిపాదికీ చెప్పింది. అత్తకైతే కూర్చోబెట్టి మరీ చెప్పింది.

నాలుగు మొక్కలకు ఇంత గాభరా ఎందుకంటే, దానికో కథ ఉంది. పుణెలో ఒక ల్యాబులో ఉద్యోగానికి ఆమెను రమ్మన్నారు. చదువుకునే రోజుల నుంచీ కోరుకున్న పని. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. మొగుడు గిరీష్‌ను అడిగితే, "నీ ఇష్టం. నేను నెలకోసారి వచ్చి పోతా ఉంటాను" అన్నాడు. 'నీ ఇష్టం' అన్నంత మాత్రాన ఎవరికైనా దారి కనబడిందా? ధన్యకు ఉన్న దారి కూడా మూసుకుపోయింది.

ఈ ఇంట్లో ఏదైనా తేలకపోతే గుడికి పోయి పువ్వడుగుతారు. అమ్మవారి మీద పెట్టిన పువ్వు కుడివైపు రాలితే సరే, ఎడమవైపు రాలితే వద్దు. ధన్య గుడికి పోలేదు. భోజనాల దగ్గర నవ్వుతూ, "ఈ మొక్కలు కొత్త కుండీల్లో వేరు పట్టుకుంటే నేనూ ఈడనే ఉండిపోతాను. చచ్చిపోతే పుణె పోతాను. ఇదే నా పువ్వు" అంది. నవ్వుతూ అన్నా, లోపల అది ఒట్టే.

శ్రీరంగయ్యకు సరదా వేసింది. "మీ అత్త గూడా పెండ్లయిన కొత్తలో పువ్వడిగిందమ్మా. రాయకోట బడిలో టీచరు పని వచ్చినాది అప్పుడు. పువ్వు ఎడమకు పడె, ఊరకుండిపోయె. ఏమే?"

"మజ్జిగ పొయ్యమంటారా?" అంది కోమల.

ఆ మాట అనుకున్న మర్నాటి నుంచే కుండీలు తడుస్తున్నాయి. ధన్య ముందు మామగారిని అనుమానించింది.

"మామా, మీ పూజ చెంబులో మిగిలిన నీళ్ళు గానీ..."

"నా చెంబు నీళ్ళు తులసికే. అయినా ఇంత రాద్ధాంతం ఏందమ్మా? అంగడి గుమ్మానికి మీ అత్త కట్టిన కలబందను చూడు. మన్ను లేదు, నీళ్ళు లేవు. మొన్న పువ్వు గూడా పూసింది."

గిరీష్‌ను నిలదీసింది.

"నేనా? నేను లేచేటప్పటికి ఎండ మంచం మీదికి వచ్చుంటాది. నీళ్ళెప్పుడు పోసేది?"

అదీ నిజమే. ధన్య కుండీలను మిద్దె మీదికి మోసి, రేకుల కింద, వాన జల్లు పడని మూలలో పెట్టింది. మర్నాడు అక్కడా తడే. వాన లేదు, రేకుకు చిల్లూ లేదు. తానే నిద్రలో లేచి పోస్తోందేమో అన్నంతదాకా పోయింది అనుమానం.

ఈలోగా ఒక మొక్క మెత్తబడింది. ఆకులు గాజులా తేలిపోయి, ముట్టుకుంటే చాలు చేతిలోకి ఊడి వస్తున్నాయి. ధన్యకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే గుండె ఎందుకో తేలికపడింది. అలా తేలికపడినందుకు సిగ్గేసింది. ఉండాలని ఉందో పోవాలని ఉందో ఆమెకే తెలియలేదు.

ఇక లాభం లేదని, తెల్లవారుతుండగానే లేచి చప్పుడు కాకుండా మిద్దె ఎక్కింది.

అక్కడ కోమల ఉంది. చేతిలో చెంబు. గొంతుక్కూర్చుని ఒక్కో కుండీలో మొదలు దగ్గర నిదానంగా నీళ్ళు పోస్తోంది. పోసి, దిగేదాకా చూసి, మళ్ళీ పోస్తోంది.

ధన్యకు కోపం రావలసింది, రాలేదు. కోడలు ఎక్కడ వెళ్ళిపోతుందోనని ఈ మనిషి నిద్ర మానుకుని మొక్కలను బతికించుకుంటోంది! ఇంత ప్రేమను కాదని పుణె ఎలా పోవడం? పంపాలో వద్దో తేలక రాత్రి రాసి ఉంచుకున్న 'వస్తాను' అనే మెయిల్ చెరిపేయాలనుకుంది.

"అత్తా..."

కోమల ఉలిక్కిపడింది. చెంబు దాచబోయి, దాచలేక ఊరుకుంది.

"నీళ్ళు తగిలితే చచ్చిపోతాయని మీకు చెప్పినాను గదా?"

"చెప్పినావు."

"మరిచిపోయినారా?"

"లేదు."

"మరెందుకు పోస్తా ఉండారు?"

కోమల మెట్ల వైపు ఒకసారి చూసింది. కింద ఇంకా ఎవరూ లేవలేదు. చెంబులో మిగిలిన నీళ్ళు కూడా చివరి కుండీలో వంచేసింది.

"అవి బతికితే నువ్వు ఈడనే ఉండిపోతావు గదమ్మా."