రెండో పిలుపు

“కాస్త ఆ కుర్చీ వెనక్కి జరుపుకుంటారా?”

“ఏమన్నావమ్మా?”

పరిశోధకురాలు పళ్ళు నూరుకుంది. పొద్దుటి నుంచీ ఇదే వరస. ఏ మాటైనా ఆ పెద్దాయనకి రెండుసార్లు చెప్పాలి.

అది రేడియో దూరదర్శినిని నడిపే గది. బయట మైదానంలో గిన్నెలాంటి పెద్ద యాంటెన్నా ఆకాశానికేసి నోరు తెరుచుకుని ఉంది. లోపల ఆమె తెరకి కళ్ళప్పగించి కూర్చుంది. పెద్దాయనేమో ఆమె భుజం మీంచి తొంగి చూస్తున్నాడు.

“చూడవచ్చినవాళ్ళని పనివేళల్లో ఎందుకు రానిస్తారండీ?” అంది ఆపరేటరుతో.

“ఆయన చూడ్డానికి వచ్చినవారు కాదు మేడమ్, ఆయన...”

“తర్వాత చెప్పండి. అసలే నా టైమైపోతోంది.”

నిజమే. మధ్యాహ్నంతో ఆమె వంతు సరి.

పెద్దాయన కుర్చీ గోడవారకి జరుపుకున్నాడు. నోరు మాత్రం ఊరుకోలేదు.

“దేనికోసమమ్మా వెతుకుతున్నావు?”

“ఒక మెరుపు కోసం. కంటికి కనపడదు, రేడియోకే దొరుకుతుంది. రెప్పపాటులో వందో వంతుండదు. కోట్ల కాంతి సంవత్సరాల అవతలి నుంచి వస్తుంది. కిందటేడు ఒకటి పట్టాను.”

“ఏమన్నావమ్మా?”

గొంతు పెంచి మొత్తం మళ్ళీ చెప్పింది.

“దొరికిందిగా, ఇంకేం?”

“ఒక్కసారైతే నమ్మరండీ. దారినపోయే కారు సడి అంటారు. పైగా, టపాకాయ ఒక్కసారే పేలుతుంది. మళ్ళీ మళ్ళీ మోగితే అది టపాకాయ కాదు, గంట. అక్కడున్నది పేలి నాశనమైపోలేదని అర్థం.”

“ఏముందంటావు అక్కడ?”

“చచ్చిన నక్షత్రం మిగిల్చిన ముద్ద కావచ్చు. ఊరంత సైజు, సూర్యుణ్ణి మించిన బరువు. భయంకరమైన అయస్కాంతం. అది అదిరినప్పుడల్లా ఇలా మోగుతుందని కొందరంటారు. ఖాయంగా ఎవరికీ తెలీదు.”

“చచ్చింది కూడా పలుకుతుందన్నమాట.” పెద్దాయన మెల్లగా నవ్వాడు. “మనమూ అంతేనమ్మా. భగవంతుడు ఒకసారి పిలిస్తే మన చెవిదే పొరపాటనుకుంటాం. రెండోసారి పిలవాలి.”

ఆమెకి ఒళ్ళు మండింది. పని మధ్యలో పురాణం కూడానా అనుకుంది.

“ఇవాళ రాకపోతే?” అన్నాడు మళ్ళీ.

“మా గైడుగారు నా పనంతా చెత్తబుట్టలో వేయిస్తారు. నాకింక ఈ యాంటెన్నా ఇవ్వరు. సరేనా? పొద్దున ఒకటి వచ్చినట్టే వచ్చింది. మసక, లెక్కలోకి రాదు. ఇలాంటివి నెలల తరబడి నోరు మూసుకుంటాయి. లేచాయంటే కొన్ని గంటల్లోనే వరసగా మోత మోగిస్తాయి. ఇది ఇప్పుడే లేచిందని నా అనుమానం. సరిగ్గా ఇప్పుడే నా టైమైపోవాలి.”

ఆపరేటరు గడియారం చూశాడు. ఆమె అతని మీద పడింది.

“సాయంత్రం దాకా ఇవ్వండన్నా.”

“తర్వాత వేరేవాళ్ళ వంతు మేడమ్. వాళ్ళు వదులుకుంటే తప్ప నా చేతిలో ఏం లేదు.”

“ఎవరా మహానుభావుడు? ఒక్కపూట ఆగితే ఆయన కొంపేం మునుగుతుంది?”

“ఏమన్నావమ్మా?” అన్నాడు పెద్దాయన.

విసుగు నెత్తికెక్కింది. ఆ మాటే ఆయన మొహం మీద గట్టిగా మళ్ళీ అనేసింది.

పెద్దాయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

“ఏం మునగదులేమ్మా,” అని లేచి వెళ్ళాడు. ఆపరేటరు కూడా ఆయన వెంట వెళ్ళాడు.

కొంతసేపటికి ఆపరేటరు ఒక్కడే తిరిగొచ్చాడు.

“కానివ్వండి మేడమ్. సాయంత్రం దాకా మీదే. వంతు వదులుకున్నారు.”

“చూశారా, అడిగితే పోయేదేముంది? ఆ పెద్దాయన కూడా కదిలాడు, నయం. చెప్పింది వినిపించుకుంటే కదా.”

“వినపడదు మేడమ్. చెవి మిషను గేటు దగ్గర ఫోన్లతోపాటు ఇచ్చేశారు. దాని సడి మీ సిగ్నలుకి అడ్డొస్తుందని.”

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

“ముందే చెప్పొచ్చుగా,” అని గొణిగి తెరవైపు తిరిగింది.

భోజనాల వేళ దాటాక వచ్చింది. తెర మీద కొడవలిలా వంగిన గీత. హెచ్చు శ్రుతి ముందు, తగ్గు శ్రుతి వెనక. కిందటేడు ఎంత వంపు ఉందో అంతే వంపు. అదే చోటు, అదే గొంతు. ఆమె ఊపిరి పీల్చుకునేలోగా ఇంకొకటి. ఆ వెనకే మరొకటి.

గదిలో ఉన్న తీగ ఫోనులోంచి గైడుకి ఫోను చేసింది. ఆయన అంకెలన్నీ రెండుసార్లు చదివించుకున్నాడు.

“రాయడం మొదలుపెట్టు,” అన్నాడాయన చివరికి.

ఆమె కళ్ళు తుడుచుకుంది.

“అన్నా, వంతు వదులుకున్నవాళ్ళ నంబరివ్వండి. ఇంకో రోజు టైము ఇప్పించమని మా గైడుగారి చేత చెప్పిస్తాను.”

“ఇంకో రోజుతో వాళ్ళకి పనిలేదు మేడమ్. ఇవాళ మధ్యాహ్నం చంద్రుడు ఒక గెలాక్సీని కప్పేస్తూ వెళ్ళాడు. అది మరుగయ్యే క్షణాన్ని బట్టి దాని ఆకారం కొలవాలని వచ్చారు. మళ్ళీ అలా అడ్డం రావడానికి దగ్గర దగ్గర ఇరవయ్యేళ్ళు పడుతుంది.”

“మరెందుకు వదులుకున్నారు?”

“నేనూ అదే అడిగాను, నవ్వి ఊరుకున్నారు. కిందటిసారి చంద్రుడు అడ్డమొచ్చిననాడు యాంటెన్నా మోటారు మొరాయించిందట. అప్పట్నుంచి జుట్టు నెరిసేదాకా ఈ ఒక్క మధ్యాహ్నం కోసమే కాచుకుని, పొద్దున్నే వచ్చి మీ వెనక గోడవారన కూర్చున్నారు.”