బావి పక్క మాత్రం వద్దు

“ఈ మిషను బంగారుకేనా, ఇత్తడికి కూడా అరస్తాదా?” అని అడిగింది తంగమ్మ.

హేమనాథ్ చెవులు నిక్కాయి. రెండుసార్లు గేటు దగ్గరినుంచే తరిమేసిన మనిషి ఈవేళ తనే కబురుపెట్టి, కాఫీ ఇచ్చి మరీ అడుగుతోంది.

“అన్నిటికీ అరస్తాది పెద్దమ్మా.”

“ఎంత లోతుదాకా?”

“జానెడు, మహా అంటే ఇంకో బెత్తెడు.”

“ఓహో” అంది తంగమ్మ. ఆ ఓహో హేమనాథ్‌కు నచ్చలేదు. లోతు సంగతి ఊరికే ఎవరడుగుతారు?

హేమనాథ్‌ది వేలూరు దగ్గరి బాగాయం. పాత నాణేలంటే పిచ్చి. ఎక్కడ పాత ఇల్లు కూల్చబోతున్నారన్నా మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని ముందుగా వాలిపోతాడు. జేసీబీ తొక్కేశాక ఇంకేం దొరుకుతుంది, మన్ను తప్ప! గుడియాత్తం పక్కన బైపాస్ రోడ్డు పడుతోంది. నవాబుల కాలంనాటి ఈ పెంకుటిల్లు, వెనక కొబ్బరితోట, బావి, అన్నీ దానికింద పోతాయి. సర్వేయరు వాకిట్లోనే ఎర్రరాయి నాటిపోయాడు.

“అర్జీ పెట్టుకోలేదా పెద్దమ్మా?”

“పెట్టి పెట్టి చెయ్యి నొచ్చిందప్పా. ఆయన పోయినాక నాకుండేది ఈ ఇల్లొకటే. మనిషి మాట యాడ ఇంటారు?” తంగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. హేమనాథ్‌కు పాపం అనిపించింది.

ఆ పాపం ఎంతోసేపు నిలవలేదు.

“తోటంతా ఎతుక్కో. దొరికింది నీకే. బావి పక్క మాత్రం వద్దు.”

“ఏం, ఆడేముండాది?”

“ఏమీ లేదు. వద్దంటే వద్దు.”

ఏమీ లేనిచోట వద్దనడం ఎందుకో!

పొద్దున్నుంచీ వెతికితే తుప్పు మేకులు, ఎద్దు నాడా, ఒక చిల్లుకాణీ దొరికాయి. అతను వంగిన ప్రతిసారీ తంగమ్మా వంగి గుప్పిట్లోకి తొంగి చూసింది. ఒకసారి జేబులు కూడా చూపించమంది. హేమనాథ్‌కు ఒళ్లు మండింది. నన్ను దొంగంటుందా! ఆమె చూపు మాత్రం మాటిమాటికీ బావి వైపే పోతోందే, అదేంటి? అర్థమైపోయింది. అక్కడ లంకెబిందె ఉంది. ఎంత లోతుకు మిషను అరుస్తుందో నా నోటితోనే చెప్పించుకుంది. నేను పోయాక తవ్వుకుంటుంది. తంగమంటే అరవంలో బంగారం, పేరులోనే పెట్టుకుంది మహాతల్లి! హేమమన్నా బంగారమేనన్న సంగతి అతనికి అప్పుడు గుర్తు రాలేదు.

మధ్యాహ్నం తంగమ్మ చెప్పులు వేసుకుంది.

“ఈదిలోకి పోయొస్తా నాయనా. బావి పక్కకు పోయినావంటే మురుగన్ మీద ఆన!”

వద్దన్న చోటికే కాలు లాగుతుంది. గేటు చప్పుడు వినపడిందో లేదో, హేమనాథ్ బావి పక్కన ఉన్నాడు. మిషను చెవులు చిల్లులు పడేలా అరిచింది. పార వెయ్యగానే మన్ను వెన్నలా వచ్చేసింది. రాత్రి వాన పడిందిగా అనుకున్నాడు. చెయ్యి పెట్టి తడిమాడు. గట్టిగా, చల్లగా ఏదో తగిలింది. బిందె కాదు. ఆకులాంటి మొన, సన్నటి కాడ ఉన్న జానెడు ఇత్తడి ఈటె. మురుగన్ చేతిలో ఉండే వేల్!

“ఒరే పాపీ, వద్దని చెప్తినే!”

వెనక తంగమ్మ. ఆమె వెనక వీధిలోని ఆడవాళ్లందరూ. దొంగకు తేలు కుట్టినట్టయింది హేమనాథ్‌కు. ఈరోజు తన్నులు తప్పవనుకున్నాడు.

ఎవరూ తన్నలేదు. తంగమ్మ అతని చేతిలోది చూసి, “మురుగా, నా ఇంట్లోనే ఎలసినావా సామీ!” అని నేలమీద సాష్టాంగపడింది. “అరోహరా!” అని వెనక గొంతులు లేచాయి. పసుపునీళ్లు వచ్చాయి, కర్పూరం వచ్చింది, నిమ్మకాయలు వచ్చాయి. అతని చేతిలోంచి వేల్ ఎవరు తీసుకున్నారో కూడా తెలియలేదు. సాయంత్రానికి బావి చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం.

మర్నాడు అధికారులు వచ్చి, భూమిలో దొరికింది సర్కారు సొత్తని వేల్‌ను పట్టుకుపోయారు. చోటును పట్టుకుపోలేరు కదా! జేసీబీ డ్రైవరు చెప్పులు విడిచి దండం పెట్టి, తాళంచెవి మేస్త్రీ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఇంకో డ్రైవరూ అంతే. కొన్నాళ్లకు వాకిట్లో ఎర్రరాయి లేచిపోయింది. రోడ్డు అవతలి బీడు వైపు వంగింది.

హేమనాథ్‌కు మాత్రం మనసు మనసులో లేదు. ఆన మీరాడు. ముసలామెను దొంగబుద్ధి మనిషని అనుమానించాడు. ఇక ఉండబట్టలేక ఒక శుక్రవారం పూలు, పళ్లు పట్టుకుని వచ్చాడు.

“తప్పయిపోయింది పెద్దమ్మా. నీ మాట మీరినా.”

“పోనీలే నాయనా. నువ్వు మీరబట్టే కదా ఇల్లు నిలబడింది.”

“అయినా, బావి పక్క ఎందుకు వద్దన్నావు?”

తంగమ్మ లేచింది. “కాఫీ తెస్తా. అంతలో లోపలికి పోయి సామికి ఆ పూలు పెట్టు” అని వంటింట్లోకి వెళ్లింది.

పూజగదిలో తాతలనాటి మురుగన్ విగ్రహం గంధంతో, మల్లెదండతో కళకళలాడుతోంది, వేల్ పట్టుకోవాల్సిన పిడికిలి ఒక్కటే ఖాళీగా ఉంది.