ఏనుగు దొర నీడ

నాకు మనుషుల మాటే సగం అర్థం కాదు. పిట్టల మాట మాత్రం మధ్యాహ్నం కునుకులో ఇట్టే తెలిసిపోతుంది. అలా విన్నదే ఇది.

నీళ్లూ ఆకాశమూ ఒకటిగా కనిపించే ఒక మడుగు ఒడ్డున తీతువు పిట్ట కాపలా కాసేది. నక్క అలికిడైతే చాలు, అరిచి అందరినీ లేపేది. ఒకనాడు అది మడుగుకు రాజైన ఏనుగు దగ్గరికెళ్లి, "సెలవు దొరా," అంది. "నిరుడు మీ కాపలాలో తిరుగుతుంటే ఇసుకలో నా గుడ్లు ఎండకు ఉడికిపోయాయి. ఈసారి ఎక్కడైనా నీడ చూసుకుని పెట్టుకుంటాను."

"పోకు తల్లీ! 'మడుగు సింహం' అని బిరుదిస్తాను."

"బిరుదొచ్చి గుడ్ల మీద కూర్చుంటుందా, దొరా?"

ఏనుగు కొత్త కాపలా కోసం చాటింపు వేయించింది. కొంగ వచ్చి, "నిలబడ్డం నాకు వచ్చు. అరిస్తే మాత్రం చేపలు పారిపోతాయి," అంది. బాతు, "నేను అరుస్తాను. కాకపోతే నక్క వెళ్లిపోయాక," అంది.

ఏనుగు చాలాసేపు నీళ్లలో తన నీడ చూసుకుంది. తర్వాత మెల్లగా తీతువు దగ్గరికి నడిచి, "గుడ్లెక్కడ పెడతావో చూపించు," అంది.

ఇప్పుడు ఎండెక్కితే ఏనుగు గుడ్లున్న ఆ ఇసుక పక్కన కొండలా నిలబడుతుంది. దూరాన తీతువు నిశ్చింతగా కాపలా తిరుగుతుంది.

"ఏం చేస్తున్నారు దొరా?" అని కప్ప అడిగింది.

"పాలిస్తున్నాను," అంది ఏనుగు, చెవి కూడా కదపకుండా.