రెండో రకం

మగ్గం పోయిన రోజు వెంకటముని ఇంట్లో చప్పుడు సగానికి తగ్గిపోయింది.

నగరిలో ఆయనకున్నవి రెండే మరమగ్గాలు. కూతురు గీతాంజలికి చిత్తూరులో బీఎస్సీ నర్సింగు సీటు వచ్చింది. ఒక మగ్గం అమ్మక తప్పలేదు.

కొనడానికి చిత్తూరు నుంచి పాత ఇనుము వ్యాపారి ఇమ్మానుయేల్ వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. ఒక చేతిలో ఎర్ర రంగు డబ్బా, ఇంకో చేతిలో కుంచె.

మగ్గం చుట్టూ తిరిగి చూశాడు.

“బాగా నడిచే మగ్గం. ఎందుకు అమ్ముతుండావప్పా?”

“పాపను నర్సు చదివించల్ల.”

“ఎంత అవుతాదని లెక్కేసినావు?”

“ఏడాదికి ఎనభై వేలు. నాలుగేళ్ళు.”

“అది ఫీజు. బూట్లు?”

“బూట్లా?”

“తెల్ల బూట్లు. ఏడాదికి రెండు జతలు అరిగిపోతాయి. యూనిఫారాలు, రికార్డు పుస్తకాలు, సెకన్ల ముల్లుండే వాచీ. కాలేజీ ఒకచోట, డ్యూటీ ఒకచోట. దినామూ బస్సు. ఇవన్నీ రాసినావా?”

వెంకటముని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోసాగాడు.

“చదువైనాక ప్రైవేటులో మొదట పదిహేను వేలిస్తారు. రూముకు, కూటికి పోను ఐదు మిగులుతాది. పెట్టింది తిరిగి రావల్లంటే ఆరేడేళ్ళు.”

పక్కనే నిలబడి వింటున్న గీతాంజలికి ఒళ్ళు మండింది.

“ఏం పెద్దాయనా, మీరు మగ్గం కొనేదానికి వచ్చినారా, నా చదువుకు బేరం కట్టేదానికి వచ్చినారా?”

“చదవద్దని నేనెక్కడన్నా పాపా? లెక్క చెప్పినా, అంతే.”

ఆయన వెంకటముని వైపు తిరిగాడు. “ఈ దుడ్డు ఫీజుకు కట్టొద్దు. ఫీజుకైతే బ్యాంకోళ్ళు లోనిస్తారు. బూట్లకు ఎవుడూ ఇయ్యడు.”

తర్వాత కుంచె ముంచి మగ్గం చట్రం మీద పెద్దగా ‘రె’ అని రాశాడు.

వెంకటముని మొహం మాడిపోయింది. పోగు తెగిన గుడ్డ మీదా, మరక పడ్డ గుడ్డ మీదా షావుకారు వేసే గుర్తు అది. రెండో రకం. ముప్పై ఏళ్ళ నేతలో ఆయన గుడ్డ మీద ఆ గుర్తు ఒక్కసారీ పడలేదు.

“నా మగ్గం రెండో రకమా? చెరిపెయ్!”

“చెరిపితే మగ్గానికే నష్టమప్పా.”

“చూస్తాండు. ఒక దినం వచ్చి నా మగ్గం నేను తెచ్చుకుంటా. తెచ్చిన దినమే ఆ అక్షరం చెరిపేస్తా.”

“రా అప్పా. నేను యాడికి పోతా?”

బండి కదిలిపోయింది.

కాలేజీలో ఇమ్మానుయేల్ చెప్పిన ఖర్చులన్నీ ఒకటి వెనక ఒకటి వచ్చాయి. మూడో నెలలోనే బూటు అడుగు ఊడింది. రికార్డులు వచ్చాయి. డ్యూటీ ఊరి చివరి ఆస్పత్రిలో పడింది. ప్రతిసారీ మగ్గం డబ్బు బీరువాలో సిద్ధంగా ఉంది. ఫీజు బ్యాంకు చూసుకుంది.

ఆ మనిషి మాట తలుచుకున్నప్పుడల్లా గీతాంజలి ఇంకో గంట చదివింది.

నాలుగేళ్ళయ్యాయి. మొదటి కొలువు ప్రైవేటులో. జీతం సరిగ్గా పదిహేను వేలు.

మరుసటి ఏడు తిరుపతిలో ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ఇంకో రెండేళ్ళకు లోను తీరింది. పెట్టిందంతా తిరిగి వచ్చింది.

“నాయనా, ఆరేడేళ్ళన్నాడు గదా? మూడేళ్ళకే తీర్చేసినా. పద, ఆయన లెక్క తప్పని చెప్పి వద్దాం.”

వెంకటముని ఉతికిన పంచె కట్టుకున్నాడు. జేబులో ఉప్పుకాగితం పెట్టుకున్నాడు, ఆ రంగు గీకడానికి.

చిత్తూరులో ఇనుము కొట్టు ముందు, తూకం కాటా దగ్గర ఒకామె కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి.

“ఇమ్మానుయేల్ ఉండాడా అమ్మా?”

“నాయన పోయి ఆర్నెల్లయిందన్నా.”

వెంకటముని చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

వచ్చిన పని గీతాంజలి చెప్పింది. ఆమె వాళ్ళను కొట్టు వెనక్కి తీసుకెళ్ళి, కప్పి ఉన్న టార్పాలిన్ పట్ట ఎత్తింది. మగ్గం అట్లాగే ఉంది. ఎక్కడా తుప్పు లేదు. నూనె రాసినట్టు తెలుస్తోంది.

“ఇన్నేళ్ళూ పగలగొట్టలేదా?”

“గుర్తు ఉండాది గదన్నా.”

“రెండో రకమనా?”

ఆమెకు అర్థం కాలేదు.

“రెండో రకమేంది? పగలగొట్టగూడని సామాను మీద నాయన నా పేరులో మొదటి అక్షరం రాస్తాడు. నేను రెబెకా.”

గీతాంజలి చూపు ఆమె మణికట్టు మీద నిలిచింది. సెకన్ల ముల్లున్న పాత వాచీ.

“అక్కా, మీరూ నర్సింగేనా?”

“రెండేళ్ళు చదివినా. నాయన ఫీజు ఒక్కటే లెక్కేసినాడు పాపా. బూట్లు లెక్కెయ్యలేదు.”

కొన్న ధరకే మగ్గం ఇచ్చేసింది. పైసా ఎక్కువ తీసుకోలేదు.

సాయంత్రానికి మగ్గం నగరి చేరింది. వారం తిరక్కుండానే పడుగు ఎక్కింది. ఇప్పుడు ఆ ఇంట్లో రెండు మగ్గాల చప్పుడు వీధి మొదటికే వినిపిస్తుంది.

రెబెకా పేరులోని ఆ అక్షరాన్ని మాత్రం వెంకటముని ఇంకా చెరపలేదు.